శుక్రవారం ఆగిపోయే టేపు

ఫిబ్రవరి 3, సోమవారం

మళ్లీ పసుపు లైటు.

శుక్రవారం సాయంత్రం పెట్టిన ఫుల్ బ్యాకప్, స్కాన్లన్నిటినీ టేపు మీదికి ఎక్కించేది, మధ్యలోనే పోయింది. వరసగా ఇది నాలుగో శుక్రవారం. సోమ, మంగళ, బుధ, గురువారాల్లో చిన్న బ్యాకప్‌లు బుద్ధిగా నడుస్తాయి. శుక్రవారం వచ్చేసరికి ఈ టేపు డ్రైవ్‌కు ఏదో పట్టుకుంటుంది. లైటు పసుపు, స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు, కాసేపటికి టేపును బయటికి కక్కేస్తుంది. శుక్రవారానికీ దీనికీ ఏం పగ ఉందో నాకైతే తెలియదు.

క్లీనింగ్ టేపు పెట్టాను. రెండు నిమిషాలు తిరిగి బయటికొచ్చింది. లైటు ఆరింది. పంతొమ్మిదేళ్లుగా ఈ స్కాన్ సెంటర్లో కంప్యూటర్లు చూస్తున్నాను. నాకు తెలియని రోగం ఈ డబ్బాకు లేదు.

ఇవన్నీ ఆఫీసు లాగ్‌బుక్‌లో రాయలేను, దాన్ని మా యజమాని సేఠ్ చూస్తాడు. అందుకే ఈ నోట్‌బుక్. ఇంట్లో కూడా భయం లేదు. నా భార్య మెహ్జబీన్ చదివింది ఉర్దూ మీడియం. పిల్ల ఆఫ్రీన్‌కు తెలుగు వచ్చు గానీ నా చేతిరాత రాదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

పరకాల నుంచి ఒకావిడ వచ్చింది. పేరు వరలక్ష్మి. నలభై ఏళ్లుంటాయి. బట్టలు కుడుతుందట. కౌంటర్లో వాళ్లు చేతులెత్తేసి నా దగ్గరికి పంపారు.

"అన్నా, కరోన అప్పుడు మీ కాడనే ఛాతి స్కాన్ తీసిండ్రు. అది మల్ల కావాలె."

ఫిల్ములు ఏవీ అని అడిగాను.

"కాలబెట్టినం. అప్పుడు అందరు గట్లనే చేసిండ్రు గదా. మా ఆయన పాణం పోయినంక పక్కబట్టలు, కాయితాలు, ఫిల్ములు అన్ని వాకిట్లేసి అంటువెట్టిండ్రు. నేను వద్దనే హాలత్‌ల లేను."

రెండు నెలల నుంచి దగ్గు. హైదరాబాద్ దవాఖానలో స్కాన్ తీస్తే కుడి ఊపిరితిత్తిలో మచ్చ కనిపించింది. అక్కడి డాక్టర్ అన్న మాటను ఆమె ఎక్కడా తడబడకుండా చెప్పింది. ఎన్నిసార్లు తనలో తాను చెప్పుకుందో.

"పాత స్కాన్ల గీ మచ్చ గింతనే ఉంటె కొయ్యరట. చూసుకుంట ఉంటె సాలట. పాతది లేకపోతె మాత్రం ఇది కొత్తగ వచ్చిందనే లెక్క. కోసి తీస్తరట. ఇర్వై నాలుగు తారీఖు రమ్మన్నరు."

సర్వర్‌లో మూడేళ్లవే ఉంటాయి. అంతకు ముందువి టేపుల్లోనే ఉంటాయి. జాబితాలో వెతికితే దొరికింది. 2021 మే 11. రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి: పోశయ్య, వరలక్ష్మి. టేపు నంబరు 21-05.

"గురువారం వచ్చి తీస్కపో చెల్లె" అన్నాను. ఆమె చేతులు జోడించింది. నాకు ఇబ్బందిగా అనిపించింది. ఈ మాత్రం పనికి దండమెందుకు.

ఆమె వెళ్లాక ఆ టేపు పెట్టాను. పన్నెండు శాతం దగ్గర ఆగింది. పసుపు లైటు.

ఫిబ్రవరి 5, బుధవారం

పసుపు లైటు పోతుందేమోనని కేబుల్ మార్చాను. పోలేదు. పోర్టు మార్చాను. పోలేదు. అంతా ఆపి మళ్లీ వేశాను. ఫోన్ చేస్తే మెకానిక్ భానుచందర్ అనే మొదటి మాట అదే కాబట్టి ముందే చేసి పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 6, గురువారం

భానుచందర్‌కు ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో ఈ డ్రైవ్‌లు బాగుచేసేది అతనొక్కడే మిగిలాడు.

"సార్, ఒకసారి రీస్టార్ట్ చేసిండ్రా?"

చేశాను.

"ఇంకో టేపు పెట్టి చూసిండ్రా?"

చూశాను. పెద్ద బ్యాకప్ ఏ టేపుతోనైనా ఆగుతోంది. చిన్నవి నడుస్తున్నాయి.

"అంటె టేపు మంచిగనే ఉంది సార్. డ్రైవ్‌ల ఏదో కూసుంది. చిన్న పనైతె నెట్టుకొస్తాంది, పెద్ద పని కాడ మొండికేస్తాంది. క్లీనింగ్ కొట్టి చూడుండ్రి. గని ఆ పాత టేపును మాటిమాటికి పెట్టకుండ్రి సార్. సదివే హెడ్ ఖరాబుంటె టేపును గీకుతది."

క్లీనింగ్ కొట్టాను. 21-05 పెట్టాను. నలభై శాతం దాకా వెళ్లింది. నలభై. నా గుండె కూడా దాంతోపాటు వెళ్లింది. అక్కడ ఆగింది.

ఆ రోజుల్లో స్థలం కలిసొస్తుందని నెలంతటినీ ఒకటే మూటగా కట్టి టేపులో పెట్టాను. అది నా తెలివే. మూట మొత్తం చదివితే తప్ప అందులోంచి ఒక్క ఫోటో కూడా రాదు. ఐదు గంటలు, ఎక్కడా ఆగకుండా.

వరలక్ష్మి మధ్యాహ్నం వచ్చింది. సోమవారం రమ్మన్నాను. "మంచిది అన్నా" అని మళ్లీ బస్టాండుకు వెళ్లిపోయింది. నన్ను ఒక్క మాట అని ఉంటే నాకు బాగుండేది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

పదకొండుకు లియాఖత్ చాచా వచ్చాడు. సేఠ్ వాళ్ల నాయన కాలం నుంచి మట్టెవాడ బట్టల దుకాణంలో శుక్రవారం ఊదు వేసేది చాచాయే. దుకాణం మీద స్కాన్ సెంటర్ పెట్టాక చాచా కూడా మెట్లెక్కి పైకి రావడం మొదలుపెట్టాడు. ఒక చేతిలో నిప్పుల గిన్నె, ఇంకో చేతిలో నెమలి ఈకల కట్ట. కౌంటర్, సేఠ్ కుర్చీ, స్కాన్ గది గుమ్మం. నెల రోజుల నుంచి నా సర్వర్ గది కూడా.

నిప్పుల మీద ఊదు చల్లి, పెదవులు కదుపుతూ ఒక్కో మిషన్‌కు ఈకలతో పొగ విసిరాడు.

"చూడు బేటా. వేరే కాడ పొగ మీదికి పోతది. గీడ నీ మషీన్లు మొత్తం లోపలికే గుంజుకుంటానయ్. ఎంత ఆకలి మీదున్నయో."

నిజమే. ఫ్యాన్లు తిరుగుతుంటే పొగ సన్నటి తీగలా లోపలికి పోతోంది. చూడటానికి బాగుంది. మనసు కాస్త నిమ్మళించింది. జుమా నమాజుకు వెళ్లి వచ్చి, బిస్మిల్లా అనుకుని 21-05 పెట్టాను.

మూడు శాతం.

నిన్న నలభై వెళ్లింది, ఇవాళ మూడు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఈ గదిలో ఏం మారింది? ఏమీ మారలేదు. అదే కేబుల్, అదే టేపు, అదే నేను.

ఫిబ్రవరి 8, శనివారం

దొరికింది.

డ్రైవ్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం మొత్తం చదివాను. నలభై ఒకటో పేజీలో ఉంది: దుమ్ము, పొగ తగలకూడదు. దగ్గరలో పొగ తాగకూడదు.

మా స్కాన్ టెక్నీషియన్ హరీష్. రోజుకు పది సిగరెట్లు. తాగేది వెనక మెట్ల మీద, నా గది తలుపు పక్కనే. నెల రోజులుగా నేను కేబుళ్లు మారుస్తుంటే వీడు అక్కడ నిలబడి పొగ వదులుతున్నాడు. ఒళ్లు మండిపోయింది. నేరుగా వెళ్లి కౌంటర్ దగ్గరే పట్టుకున్నాను.

"అన్నా, నేను తాగేది బయట. నీ తలుపు ఎప్పుడు మూసే ఉంటది. గా పొగ తలుపు సందుల నుంచి దూరి నీ డబ్బల పోయి కూసుంటదా?"

కూర్చుంటుంది అన్నాను. ఒకావిడ ప్రాణం నీ సిగరెట్టు కింద ఉంది అని కూడా అన్నాను. స్కానింగ్ కోసం వచ్చినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు, అందరూ విన్నారు. హరీష్ ముఖం నల్లబడింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

హరీష్‌ను అన్నది తప్పేం కాదు. సిగరెట్ ఎవరికి మంచిది? వాడి మంచికే అన్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

క్లీనింగ్. ఇరవై రెండు శాతం. ఆగింది.

వరలక్ష్మి వచ్చేసరికి నేను డ్రైవ్ ముందు నేల మీద కూర్చుని ఉన్నాను. ఆమెకు అబద్ధం చెప్పే ఓపిక లేక ఉన్నది చెప్పేశాను. టేపు ఉంది, అందులో నీ స్కాన్ ఉంది, మిషన్ చదవడం లేదు.

"ఎందుకు సదువుతలేదు అన్నా?"

తెలియదు అన్నాను. ఈ ఉద్యోగంలో పేషెంట్ ముందు ఆ మాట అనడం ఇదే మొదటిసారి.

ఆమె నా చొక్కా జేబు వైపు చూసింది. మూల చిరిగి వేలాడుతోంది, నేను చూసుకోనే లేదు. బ్యాగులోంచి సూది, దారం తీసింది. "సూది ఎప్పుడు నా కాడ ఉంటది. కదలకు" అని నిలబెట్టి కుట్టేసింది. కుడుతూ కుడుతూ ఒకసారి పక్కకు తిరిగి దగ్గింది.

"అన్నా, నీ అంగి ఊదు వాసన వస్తాంది. దర్గాకు పోయొచ్చినవా?"

శుక్రవారం వేస్తారు చెల్లె అన్నాను.

"ఇయ్యాల సోమారం గదా" అని దారం కొరికింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

పాత నెలల టేపులు ఒక్కోటి రెండేసి ఉంటాయి. అది నా రూలే. ఒకటి ఇక్కడ, ఒకటి కింద దుకాణం బీరువాలో. ఇవాళ బీరువా తీసి చూశాను. 21-05 రెండోది లేదు.

లేదని నాకు తెలుసు. తెలిసే చూశాను. బీరువా తీస్తే ఉంటుందేమో అన్నట్టు చూశాను.

లాక్‌డౌన్‌లో ఖాళీ టేపులు దొరకలేదు. ఒక్క కాపీయే తీశాను. రెండోది తర్వాత తీద్దాం అనుకుని లాగ్‌బుక్‌లో మాత్రం "రెండు కాపీలు, చెక్ చేయబడినవి" అని రాసి, మే 31 తారీఖు వేసి సంతకం పెట్టాను. పెట్టింది జూన్‌లో. ఆ "తర్వాత" ఇప్పటిదాకా రాలేదు. అందరూ అప్పుడు చచ్చిబతికి ఉన్నారు, ఎవరు అడుగుతారు అనుకున్నాను. నాలుగేళ్ల తర్వాత పరకాల నుంచి వచ్చి అడుగుతున్నారు.

ఫిబ్రవరి 12, బుధవారం

సెలవు పెట్టి మడికొండ ఐటీ పార్కుకు వెళ్లాను. మెహ్జబీన్ తమ్ముడు అక్కడ పని చేస్తాడు. మంచి టేపు డ్రైవ్ ఉంటే ఒక్క పూట వాడుకుందామని.

"టేపా భాయ్? పాటల క్యాసెట్టా?"

చుట్టూ ఉన్న పిల్లలు కూడా నవ్వారు. అంతా క్లౌడ్‌లోనే ఉందట. నా చేతిలో టేపును తిప్పి తిప్పి చూశారు. ఒకమ్మాయి ఫోటో కూడా తీసుకుంది. చాయ్ ఇచ్చి పంపించారు.

ఫిబ్రవరి 13, గురువారం

యాభై ఎనిమిది శాతం.

హరీష్ నిన్నటి నుంచి లేడు. చెల్లెలి పెళ్లి, వారం సెలవు. వాడు లేని రెండో రోజుకే డ్రైవ్ యాభై ఎనిమిది చదివింది. నేను చెప్పలేదా? ఈ మాట సేఠ్‌తో కూడా అన్నాను. సేఠ్ కళ్లజోడు మీదుగా చూసి "నువ్వు చెప్తె గట్లనే ఉంటది మతీన్, పంతొమ్మిదేండ్ల నుంచి చూస్తానవ్" అన్నాడు.

రేపటికల్లా ఇంకా బాగవుతుంది. రేపు పూర్తిగా చదువుతుంది. వరలక్ష్మికి ఫోన్ చేసి శనివారం రమ్మన్నాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

రాత్రి షబే బరాత్ పండుగ జాగారం, పొద్దున హల్వా. డబ్బాలో చాచాకు కూడా తెచ్చాను.

చాచా ఊదు గిన్నెతో వచ్చినప్పుడు వరలక్ష్మి సంగతి చెప్పాను. ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ బిడ్డ పేరేంది?"

చెప్పాను.

"పేరు వెట్టి దువా చేస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఇవాళ జర ఎక్కువ వెయ్యి చాచా అని నేనే అన్నాను. రెండు పిడికిళ్లు చల్లాడు. గది నిండిపోయింది, ఏసీ ఆ పొగనే తిప్పి తిప్పి కొట్టింది. నాకు ఊపిరాడలేదు గానీ మనసుకు హాయిగా ఉంది. నమాజు అయ్యాక టేపు పెట్టాను.

రెండు శాతం.

ఫిబ్రవరి 15, శనివారం

ఏమీ అర్థం కావడం లేదు. హరీష్ ఊళ్లో లేడు. హరీష్ ఊళ్లోనే లేడు.

వరలక్ష్మికి పొద్దున్నే ఫోన్ చేసి రావద్దన్నాను. "బస్సెక్కిన అన్నా, దిగుతున్న" అంది. ఫోన్‌లో కండక్టర్ విజిల్ వినిపించింది.

ఇరవై నాలుగుకు ఇంకా తొమ్మిది రోజులు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆదివారం కూడా వెళ్లి గదిలో కూర్చున్నాను. టేపు పెట్టలేదు, పెట్టాలంటే భయం వేస్తోంది. డ్రైవ్‌ను చూస్తూ కూర్చుని వచ్చాను. ఇంటికి వచ్చి చొక్కా విప్పితే మెహ్జబీన్ వాసన చూసింది.

"ఏ దర్గాకు పోయినవ్?"

ఏ దర్గా లేదు, ఆఫీసులోనే ఉన్నాను అన్నాను.

"మరి గింత ఊదు వాసనేంది? శుక్రవారం అంగి శుక్రవారమే పిండిన. ఇది పొద్దుగాల నేను ఇస్త్రీ చేసి ఇచ్చింది గదా."

నేను చొక్కాను మళ్లీ చేతిలోకి తీసుకుని వాసన చూశాను.

ఫిబ్రవరి 17, సోమవారం

పొద్దున ఏడుకే వెళ్లాను. ఎవరూ రాకముందే.

డ్రైవ్ ముందున్న జాలీ మూత విప్పాను. లోపల ఫ్యాన్ రెక్కల మీద తెల్లదూది పెట్టి తుడిచాను. దూది గోధుమరంగుకు తిరిగింది. జిగురుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిన పని లేదు, అయినా పెట్టుకున్నాను.

రాయాలి. ఇక్కడైనా రాయాలి.

జనవరి మొదట్లో ఒకసారి పసుపు లైటు వచ్చింది. అది మామూలే, ఆరునెలలకోసారి క్లీనింగ్ అడుగుతుంది. కానీ ఆ లైటు చూడగానే నాకు 21-05 గుర్తొచ్చింది. డ్రైవ్ పోతే ఆ ఒక్క టేపు ఏమవుతుంది, నా సంతకం ఏమవుతుంది అని భయపడ్డాను. జనవరి 10, శుక్రవారం. చాచా కౌంటర్ దగ్గర ఊదు వేసి వెళ్లిపోతుంటే నేనే పిలిచాను. "చాచా, జర నా గదిలకు కూడ." అప్పటిదాకా ఆయన ఎప్పుడూ ఈ గది గడప దాటలేదు. ఆ సాయంత్రమే బ్యాకప్ పోయింది. పోయినకొద్దీ పిలిచాను. పిలిచినకొద్దీ పోయింది.

ఆరు శుక్రవారాలు.

పుస్తకంలో పొగ అని చదివాను. చదివి లేచి వెళ్లి హరీష్ గల్లా పట్టుకున్నాను. ఊదు నాకు గుర్తే రాలేదు. ముందురోజే ఆ గదిలో కూర్చుని, తీగలాగా లోపలికి పోతుంటే బాగుందని ఈ నోట్‌బుక్‌లోనే రాసుకున్నాను. ఊదును నేను పొగ అని ఎప్పుడూ అనుకోలేదు. మా అబ్బాజాన్ బతికున్నప్పటి నుంచి అది నాకు శుక్రవారం, అంతే.

భానుచందర్‌కు మొత్తం చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"సార్, నేను శానా ఆఫీసులల్ల చూసిన. ఒక కాడ దసరకు డ్రైవ్‌కు పసుపు వెట్టిండ్రు. ఇంకో కాడ గణపతి పక్కన పెట్టి అగర్‌బత్తి ముట్టిచ్చిండ్రు. మీరొక్కరే కాదు. ఆ రూముల నుంచి డ్రైవ్‌ను తీసెయ్యిండ్రి. రేపు నేనే వస్త. అప్పటిదాక ఆ టేపును ముట్టకుండ్రి."

ఫిబ్రవరి 18, మంగళవారం

భానుచందర్ పొద్దున రైలుకు వచ్చాడు. డ్రైవ్‌ను డాక్టర్ రాజేశ్వర్ రావు గారు రిపోర్టులు రాసే గదిలోకి మార్చాం. అక్కడ చాచా ఎప్పుడూ అడుగు పెట్టలేదు. మూత తీసి, ఫ్యాన్ మార్చి, కొత్త క్లీనింగ్ టేపు మూడుసార్లు నడిపాడు. పాతదాని మీద వాడిన ప్రతిసారీ నేను పెట్టుకున్న గీతలు లెక్కపెడితే యాభై దాటాయి. యాభైకే దాని పని అయిపోతుందట. అది కూడా చూసుకోలేదు.

ఇవాళ డ్రైవ్‌కు విశ్రాంతి. రేపు ఖాళీ టేపుతో పరీక్ష.

ఫిబ్రవరి 19, బుధవారం

ఖాళీ టేపు మొత్తం రాసింది, మొత్తం చదివింది. నూరు శాతం. రెండోసారీ నూరు.

"రేపు మీరే పెట్టుకోండ్రి సార్. మధ్యల ఆగితె మాత్రం భయపడి ఆపకుండ్రి. అది మళ్ల మళ్ల వెనుకకు పోయి సదువుకుంటది. సదువుకోనియ్యిండ్రి" అని భానుచందర్ వెళ్లిపోయాడు.

హరీష్ పెళ్లి నుంచి వచ్చాడు. కౌంటర్ దగ్గరే పట్టుకున్నాను, మళ్లీ అందరి ముందే. పొగ నీది కాదు, నాది అని చెప్పాను. వాడు నమ్మలేదు, ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. దూది చూపించాను. వాసన చూసి, నా ముఖం చూసి, "పెండ్లి లడ్డు తిను అన్నా" అని డబ్బా ముందు పెట్టాడు. వాడు నన్ను ఓ రెండు మాటలు అన్నా పడేవాణ్ని.

ఫిబ్రవరి 20, గురువారం

తొమ్మిదిన్నరకు పెట్టాను.

పన్నెండు దాటింది. ఇరవై రెండు దాటింది. నలభై దాటింది. యాభై ఎనిమిది దగ్గర లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. తిరిగి చూస్తే అరవై ఒకటి.

డెబ్బై ఒకటి దగ్గర ఆగింది.

టేపు వెనక్కి పోయి ముందుకు రావడం వినిపిస్తోంది. మళ్లీ వెనక్కి. అక్కడ నేనే దాన్ని గీకించానేమో. ఎన్నిసార్లు పెట్టాను ఆ మురికి డ్రైవ్‌లో? ఆరు. నా చేయి బటన్ మీదికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాను. పదకొండు నిమిషాలు. ఏ దువా చదివానో నాకే తెలియదు, నోటికి వచ్చినవన్నీ చదివాను.

డెబ్బై రెండు.

మూడుంబావుకు మూట విప్పాను. వరలక్ష్మి స్కాన్ ఉంది. మొత్తం ఉంది. డాక్టర్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక్కో పొర కిందికి జరుపుతూ వెళ్లి ఒకచోట ఆగారు. కుడివైపు, చిన్న తెల్లటి చుక్క. కొలిచారు. ఏడు మిల్లీమీటర్లు. వరలక్ష్మి ఇచ్చి వెళ్లిన హైదరాబాద్ రిపోర్టు తీసి చూశారు. ఏడు.

"చెప్పాల్సింది వాళ్లే మతీన్. నేను చెప్తె బాగుండదు. గని నాకైతె మంచిగనే అనిపిస్తాంది."

నేను బయటికొచ్చి వెనక మెట్ల మీద కూర్చున్నాను. హరీష్ సిగరెట్ తాగుతున్నాడు. నన్ను చూసి ఆర్పేయబోయాడు. తాగు అన్నాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

వరలక్ష్మి తొందరగా వచ్చింది. సీడీ ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని బల్ల మీద కూర్చుంది. అప్పుడే మెట్ల మీద చాచా దగ్గు, వెంటనే ఊదు వాసన.

కౌంటర్, సేఠ్ కుర్చీ అయ్యాయి. చాచా అలవాటుగా నా గది వైపు తిరిగాడు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఆ మాట ఎలా అనాలో నాలుగు రోజులుగా అనుకుంటున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

"చాచా, ఈ గదిలకు వద్దు. పొగ మషీన్లకు పడుతలేదు."

"పోయిన వారం ఎక్కువ వెయ్యమన్నవ్ గద బేటా."

"నేనే అన్న. నాకు తెల్వక అన్న. మషీన్ ఆగింది దాంతోనే."

చాచా గిన్నె వైపు చూసుకున్నాడు.

"ఆ బిడ్డ పని? నా పొగతోనే ఆగిందా?"

ఆ బిడ్డ ఈమే చాచా, పని అయింది అని మాత్రం చెప్పాను. ముసలాయన ఆమె దగ్గరికి వెళ్లాడు. అలవాటుకొద్దీ గిన్నె ఎత్తబోయి ఆగిపోయాడు. ఆమె ఛాతీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. గిన్నె తీసుకెళ్లి బయట మెట్ల మీద పెట్టి, మూత వేసి వచ్చాడు. పొగ లేని ఉత్త నెమలి ఈకలు ఆమె తల మీదుగా నెమ్మదిగా దించాడు. ఆమె కళ్లు మూసుకుని తల వంచింది. చాచా పెదవులు చాలాసేపు కదిలాయి.

చాచా వెళ్లాక ఆమె లేచింది. తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చింది.

"అన్నా, ఒక్కటి అడుగుత. మా ఆయనది కూడ ఉందా దాంట్ల?"

ఉంది అన్నాను. మూటలో అదీ వచ్చింది. ఇద్దరివీ ఒకే రోజువి.

"అది కూడ ఇయ్యరాదా అన్నా."

ఎందుకు చెల్లె అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఫోటోలు ఉన్నయ్ అన్నా, పెండ్లియి ఉన్నయ్. గని ఇది వేరే. మిషన్ల పండవెట్టి, గాలి పీల్చి పట్టుకొమ్మన్నరు. అప్పటికే ఆయనకు దమ్ము అందుతలేదు. నేను అద్దం అవుతల నిలబడి చూస్తాన. ఒక్కసారి నా దిక్కు చూసి, పీల్చి పట్టిండు. మల్ల ఐదు రోజులకు పోయిండు." సీడీని బ్యాగులో పెట్టుకుంది. "ఆ పట్టిన ఊపిరి గా స్కాన్లనే ఉంది గదా అన్నా. అన్ని కాలబెట్టినం అనుకున్న."

ఇంకో సీడీ రాసి ఇచ్చాను. పేరు రాయబోతే పెన్ను తీసుకుని తానే రాసింది.

ఫిబ్రవరి 25, మంగళవారం

వరలక్ష్మి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. కొయ్యరట. ఆరునెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలట. ఇంకేం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. "జేబు కుట్టు మంచిగుందా అన్నా" అంది. ఉంది అన్నాను.

మధ్యాహ్నం 21-05కు రెండో కాపీ తీశాను. తీసి ఊరుకోలేదు, మొదటి నుంచి చివరిదాకా చదివించాను. నూరు శాతం వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. వరలక్ష్మి ఉంది. పోశయ్య ఉన్నాడు. టేపును కింద దుకాణం బీరువాలో పెట్టి తాళం వేశాను.

లాగ్‌బుక్ తీశాను. 2021 మే పేజీలో నా పాత సంతకాన్ని అడ్డంగా కొట్టేశాను. దాని కింద "రెండు కాపీలు, చెక్ చేయబడినవి" అని మళ్లీ రాసి, సంతకం పెట్టి, ఇవాళ్టి తారీఖు వేశాను. రేపు సేఠ్ చూస్తాడు. అడిగితే చెప్తాను.